పిల్లకో దిమ్మె

ప్రజాస్వామ్యంలో పిల్లలకూ చేపలకూ ఓటు లేదు. అందుకే ఇద్దరి సంక్షేమాన్నీ ఒకే చట్టంలో సర్దేశారు. దాని పూర్తి పేరు ‘బాలల ఉద్యానవన ప్రవేశ రుసుము మినహాయింపు మరియు కృత్రిమ మత్స్య దిబ్బల నిధుల కల్పనా చట్టం’. (రెండు బిల్లులూ విడివిడిగా చదివితే ఆ పూట సభ్యుల భోజనం ఆలస్యమయ్యేదని తెలిసినవాళ్ళు చెబుతారు.) నాలుగో సెక్షను చదివితే ఎవరికైనా కళ్ళు చెమ్మగిల్లాల్సిందే. పార్కులోకి ఉచితంగా వచ్చిన ప్రతి బిడ్డ పేరునా ప్రభుత్వం సముద్రంలో ఒక సిమెంటు దిమ్మె దించుతుంది. వసూలు చెయ్యని రుసుముతో సిమెంటు ఎలా కొంటారన్నది అనుబంధంలో ఉంది. అనుబంధం తయారీలో ఉంది.

మైపాడు పక్కన జాలర్లుండే ఒక పట్టపుపాలెంలో పెంచలకృష్ణ ఈ సెక్షనును నమ్ముకున్నాడు. నమ్మక ఏం చేస్తాడు మరి? పెద్ద బోట్లు ఒడ్డుదాకా వచ్చి ఊడ్చుకుపోయాక అతని వలలో నాచు తప్ప ఏమీ పడటం లేదు. అదే బోలు దిమ్మెలు దించితే వాటికి పాచి పడుతుంది, పాచి కోసం చిన్న చేప, చిన్న చేప కోసం పెద్ద చేప వస్తాయి. పైగా వలలు చిరుగుతాయన్న భయంతో పెద్ద బోట్లు అటు రావు. ఈ యేడు దిమ్మెలు పడకపోతే పడవ అమ్మేసి చెన్నై హార్బరులో ఎవరి బోటు మీదో కూలికి పోవాల్సిందే. ఆ ఆలోచన వస్తే చాలు, అతనికి అన్నం సహించేది కాదు.

ఆ దిమ్మెలతో పేర్చే దిబ్బ ఒకటి మంజూరు కావాలంటే మూడు వందల మంది పిల్లలు పార్కుకు రావాలి. పాలెం మొత్తం గాలించినా నలభై ఇద్దరే ఉన్నారు.

పాలెం పక్కనున్న పార్కు గేటు దగ్గర ‘బాల-మత్స్య అనుసంధాన అధికారి’ పద్మనాభయ్య గారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మంచి మనిషి, నిబంధనలకు కట్టుబడినవాడు. పెంచలకృష్ణ తన ఎనిమిదేళ్ళ కూతురు వెన్నెలను ముందుకు తోశాడు.

“ఈ పాప బాలిక అనడానికి రుజువేంది?” అని అడిగారు పద్మనాభయ్య గారు.

“చూస్తుండారు గదా సార్.”

“చూపు మీద సీలు వెయ్యలేం గదయ్యా.”

అందుకని ‘ప్రస్తుత బాల్య ధ్రువీకరణ పత్రం’ తీసుకున్నారు. (చెల్లుబాటు వారం రోజులు. పిల్లలకు పెరిగే అలవాటుందని శాఖ గమనించింది.) తరువాత యంత్రం మీద వేలిముద్ర. పుల్లఐసు అంటిన బొటనవేలును యంత్రం మనిషిదని ఒప్పుకోలేదు. పాలెం ఆడవాళ్ళంతా తడిగుడ్డలు పట్టుకుని వరసగా నిలబడి వేళ్ళు తుడిచారు.

ఇంతలో ఊయలల వెనక గోడకు ఒక కంత ఉందని పిల్లలు కనిపెట్టారు. గేటులోంచి రావడం, కంతలోంచి పోవడం, మళ్ళీ గేటుకు రావడం. చట్టం ప్రవేశం గురించి చెప్పింది గానీ నిష్క్రమణ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. వెన్నెల ఒక్కతే ఒక్క రోజులో పంతొమ్మిదిసార్లు ప్రవేశించింది. మూడో రోజు సాయంత్రానికి లెక్క మూడు వందలు దాటింది. పెంచలకృష్ణ కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని గంతులేశాడు.

“మన పెండ్లిలో కూడా నువ్వింత సంబరపడలేదు” అంది అతని భార్య రోజా.

“ఇప్పుడు దిమ్మెలు యాడ దించాలో చెప్పు” అన్నారు పద్మనాభయ్య గారు, ఫోనులో యాప్ తెరిచి.

కొంప మునిగింది ఇక్కడే. ఆ తీరంలో చేప ఉన్న చోటు ఎవరూ ఎవరికీ చెప్పరు. సొంత బావమరిది అడిగినా అబద్ధమే చెబుతారు. ఒడ్డున కనిపించే గుర్తుల్ని రెండేసి చొప్పున వరసలో పెట్టుకుని, ఆ రెండు వరసలూ కలిసేచోటుకు పడవ నడుపుతారు. పెంచలకృష్ణ దగ్గర ఇరవయ్యేళ్ళుగా అరగదీసిన అబద్ధం ఒకటుంది. అడగ్గానే నోరు దాని పని అది చేసేసింది.

“వాటర్ ట్యాంకు, సెల్ టవరు ఒక వరస. చర్చి, ఐసు ఫ్యాక్టరీ ఇంకో వరస. రెండూ కలిసేకాడ సార్.”

ఇరవయ్యేళ్ళలో ఆ అబద్ధాన్ని మ్యాపు మీద పెట్టి చూసినవాడు లేడు. యాప్ పెట్టింది. గీతలు రెండూ పార్కులో, ఊయలల పక్కన కలిశాయి.

మర్నాడు క్రేను వచ్చింది. మూడు వందల దిమ్మెల్ని శాస్త్రోక్తంగా గడ్డి మీద దించింది.

“సార్, ఇది సముద్రం కాదు గదా” అన్నాడు పెంచలకృష్ణ.

“దిమ్మెలు దించిన చోటును సముద్రంగా భావించవలెనని రెండో సెక్షనులో ఉంది” అన్నారు పద్మనాభయ్య గారు నెమ్మదిగా.

పిల్లలు మాత్రం ఆ దిమ్మెల బొక్కల్లో దూరి దాగుడుమూతలాడారు. తనిఖీ బృందం వచ్చి, దిబ్బను నలభై రెండు జీవులు ఆశ్రయించాయనీ, అన్నీ హుషారుగా ఉన్నాయనీ, కొన్నింటికి చెప్పులు కూడా ఉన్నాయనీ రాసుకుపోయింది. ఏప్రిల్ పదిహేను నుంచి, ఏటా ఉండే చేపల వేట నిషేధం మొదలైంది. దిబ్బలోని జీవుల్ని బయటికి లాగడం అరవై ఒక్క రోజులు నేరం. అన్నానికి వెన్నెలను పిలుచుకుపోదామని వచ్చిన రోజాను వాచ్‌మన్ ఆపేశాడు.

“నిషేధం అక్కా. పాప తనంతట తానే వస్తే మాకేం అభ్యంతరం లేదు.”

వేసవి సెలవుల్లో ఏ పాప తనంతట తాను వస్తుంది? రోజా టిఫిన్ బాక్సు లోపలికి అందించింది. (మేత వెయ్యడం మీద నిషేధం లేదు.) పాలెమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంది. పెంచలకృష్ణ కూడా నవ్వాడు. ఇంటికి పోతూ ఒడ్డున బోర్లించిన పడవను చూశాడు. అతనికి ఏడుపొచ్చింది.

మర్నాడు పద్మనాభయ్య గారి గదికి వెళ్ళి తలుపు వేశాడు. భార్యకు కూడా చెప్పని అసలు గుర్తులు నాలుగూ చెప్పాడు.

“ఆడ అడుగున రాయి ఉండాది సార్. ఇప్పటికీ పండుగప్ప తగులుతాది. పక్కన దిమ్మెలు దించినారంటే నిలబడిపోతాది. మా నాయన పోతా పోతా నాకొక్కడికే చెప్పినాడు. ఇంగెవురికీ చెప్పలా నేను.”

పద్మనాభయ్య గారు కళ్ళు తుడుచుకుని, ప్రతి అక్షరమూ శ్రద్ధగా రాసుకున్నారు.

జవాబు సరిగ్గా నిషేధం ముగిసే రోజు ఉదయం చేరింది:

“మీ అర్జీ పరిశీలించడమైనది. సదరు స్థలంలో చేపలు ఇప్పటికే ఉన్నట్లు మీరే అంగీకరించినందున అచ్చట దిబ్బ అనవసరమని నిర్ణయించడమైనది. స్థలం గుర్తులు, పటము జతపరచడమైనది. నకలు: పెద్ద మరబోట్ల యజమానుల సంఘానికి, తగు సమాచారం నిమిత్తం.”