ఏమీ లేని జాబు

ఆ సోమవారం ఉదయం దాసన్న అయ్యవారు జొన్నరొట్టె తిని, చేయి కడుక్కుని, ఆనాటి పని ఎంత తేలికో తలచుకుంటూ బడికి బయలుదేరాడు. ఎర్రమిట్ట మిషను బడిలో ఏడో తరగతి తెరిచి ఏడాది కాలేదు. పదిహేను రోజుల్లో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షిస్తాడు. ఆయన సరేనంటే తరగతి నిలుస్తుంది. కాదంటే ఎత్తేస్తారు. అప్పుడు చదువు కావలసినవాళ్లు బనగానపల్లెకు పోవాలి. మగపిల్లలైతే నడిచి పోతారు. ఆడపిల్లలను ఎవరూ పంపరు. ఉన్న ఆరుగురిలో ఇద్దరు ఆడపిల్లలే.

ఏడో తరగతి పిల్లలకు ఏమేమి రావాలో పైనుంచి ఒక కాగితం వచ్చింది. అచ్చు పుస్తకం తడబడకుండా చదవాలి. చెప్పింది చెప్పినట్టు రాయాలి. సొంత మాటలతో జాబు రాయాలి. ఈ మూడింటికీ దాసన్న భయపడలేదు. నాలుగోది చూసి కొంచెం ఆలోచించాడు. ముందెన్నడూ చూడని చేతిరాత కాగితాన్ని, అందులోనూ కలం ఎత్తకుండా రాసే గొలుసుకట్టు రాతను, గడగడా చదవాలట. బడిలో ఉన్న చేతిరాత అంతా దాసన్నదే. అది పిల్లలకు కళ్లు మూసుకున్నా తెలుసు.

"శుక్రవారానికి తలా ఒక పాత జాబు ఇంట్లోనుంచి తీసుకొని రాండి. ఎవరింటిది వాళ్లు చదివేది కాదు. ఒకరింటిది ఇంకొకరు చదవల్ల," అని పిల్లలకు చెప్పాడు.

చివరి మాట చెప్పకుండా ఉంటే ఊరు నిమ్మళంగా ఉండేది.

ఆ తరగతి పిల్ల ఈరక్క ఇంటికి పోయి ఈ సంగతి చెప్పగానే తాత పెద్ద ఈరన్న నమలుతున్న ఆకువక్క ఆపేశాడు. ఆయన మనవరాలిని అంతదాకా చదివించింది చదువు మీద మక్కువతో కాదు. తన ఇంటికి వచ్చిన కాగితాన్ని ఊళ్లో ఎవరు చదివి చెప్పినా ఆయనకు నమ్మకం కుదరదు. కరణం చదివితే ఒక మాట మింగాడని అనుమానం. అయ్యవారు చదివితే ఒక మాట కలిపాడని అనుమానం. అందుకని ఇంట్లోనే చదివే మనిషి ఉండాలనుకున్నాడు. ఇప్పుడు వచ్చిన ప్రతి కాగితాన్నీ ఈరక్క చేత మూడు రోజులు మూడుసార్లు చదివిస్తాడు, మాట ఎక్కడైనా మారుతుందేమోనని. ఆ పిల్ల విసుక్కోకుండా చదివేది. పై తరగతి కూడా ముగించి, ట్రెయినింగు చదివి, తనూ ఒక బడిలో కుర్చీ మీద కూర్చోవాలని దాని ఆశ.

"అచ్చు పుస్తకాలు అన్ని ఉండంగ మన ఇంటి జాబులు యాలమే ఆయప్పకు?" అన్నాడు ఈరన్న.

"చదివేదానికి తాతా."

"చదివేదానికని నీకు చెప్పినాడు. నిజంగా యాలనో నీకు చెప్తాడా?"

ఈరన్న పెట్టెలో ఉన్న జాబులు తక్కువే. అన్నీ కోసిగిలో ఉన్న తమ్ముడు భాగాల తగాదా నాడు రాసినవి. వాటిలో వంశాన్నంతా పేరు పేరునా తిట్టాడని మాత్రం ఆయనకు గుర్తుంది. ఏ జాబులో ఎవరిని తిట్టాడో గుర్తు లేదు. ఈరక్క చేత చదివిద్దామంటే ఆ తిట్లు పిల్లకు పట్టుబడతాయని భయం. అందుకే వాటిని ఇన్నాళ్లూ దానికి చూపనే లేదు.

"తిట్లు లేని జాబు ఒకటన్నా ఉండదా?" అని ఆయన భార్య హంపమ్మ అడిగింది.

"నీ మరిదిని అడుగు, రాసినోడు ఆయన."

రాహేలమ్మ ఇంట్లో ఇంకొక చిక్కు. ఆమె మొగుడు కోలారు గనుల్లో మేస్త్రీ అని ఊరంతటికీ చెప్పింది, కూతురు జీవమ్మకు కూడా అదే చెప్పింది. ఆయన మాత్రం గునపం పట్టుకుని మూడు కొండల లోతున తవ్వుతున్నానని ప్రతి జాబులోనూ రాస్తాడు. సుంకప్ప ఇంట్లో జాబులు, ఏడో తరగతిలోనే ఉన్న కొడుకు నాగన్నకు పిల్లనివ్వబోమని మూడు ఊళ్ల నుంచి వచ్చినవి. ఇలా ఇంటింటికీ ఒక గుట్టు ఉంది. ఏ కాగితంలో ఏముందో పెద్దలకు చదవరాదు. చదవగలిగిన పిల్లలకు చూపరాదు.

గురువారం బనగానపల్లె సంత. ఈరన్న మేకపిల్లను అమ్మే నెపంతో బయలుదేరి, మేకపిల్లను వెంట తేలేదని సగం దారిలో గుర్తించి, అయినా నడిచాడు. తపాలా కచేరీ పక్కన గోనెపట్ట కింద జాబుల మదార్ సాహెబు కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్ల మంచీ చెడ్డా ఆయన కలం మీదుగానే పోతోంది.

"రాప్పా, ఎవరికి రాయల్ల?"

"ఎవరికీ వద్దు. నాకొక పాత జాబు కావల్ల."

"పాతది కావాలంటే పదేండ్ల కిందట రావల్సింటివి."

"దాంట్లో ఏమీ ఉండగూడదు."

"ఏమీ ఉండగూడదంటే తెల్ల కాయితం ఇస్తా, తీసుకొని పో."

"అట్ల కాదు సాబూ. రాత ఉండల్ల, సంగతి ఉండగూడదు."

మదార్ సాహెబు కలం చెవి మీద పెట్టుకుని ఆలోచించాడు. దానపత్రాలు రాశాడు, తగవు పత్రాలు రాశాడు. సంగతి లేని జాబు రాయమని అడిగినవాడు ఇతనే మొదటివాడు. చివరికి రాసి వినిపించాడు: "మహారాజశ్రీ బావగారికి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాము. ఈ ఏడు వానలు లేవు. ఎనుము ఈనింది. తక్కిన సంగతులు ముఖాముఖి మాట్లాడుకుందాము."

"వానలు లేవని యాల రాసినావు?"

"మన సీమలో ఏ ఏట రాసినా సరిపోతుందప్పా. పాత జాబు కదా."

కాగితం మీద ఇన్ని టీ నీళ్లు చల్లి, నిప్పుల సెగ చూపించి, దానికి పదేళ్ల వయసు తెప్పించాడు. ఈరన్న దాన్ని మడిచి నడుముకు దోపుకున్నాడు గాని లేవలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇంకొకటి రాయల్ల. పైకి. మా బడి అయ్యవారి మీద. నా పేరు తెలియకూడదు."

"ఆకాశరామన్న అర్జీ అను."

ఈరన్న చెప్పుకుపోయాడు. మదార్ సాహెబు చెప్పింది చెప్పినట్టు రాశాడు. రాసింది రెండుసార్లు చదివించుకుని విన్నాక కూడా ఈరన్నకు తృప్తి కలగలేదు. ముద్ర లేని కాగితం చెల్లదని ఆయన విన్నాడు. పైగా తను పోయాక సాహెబు వేరే కాగితం రాసి పంపితే ఎవరిని అడగాలి? బొటనవేలు సిరాలో ముంచి అడుగున గట్టిగా అద్దాడు.

"ముద్ర వేసినాక ఇది ఎవరి ముద్రో పక్కన రాయల్లప్పా. అది సర్కారు కాయిదా," అన్నాడు మదార్ సాహెబు.

ఈరన్న సిరా వేలిని పంచెకు తుడుచుకున్నాడు. "సరే, రాయి. శానా చిన్నగా రాయి."

ఆయన లేచి పోగానే గాజుల అంగడి వెనుక నుంచి రాహేలమ్మ వచ్చింది. ఆమె పోయాక సుంకప్ప. సాయంత్రానికి ఆరిళ్ల పెద్దలూ వచ్చిపోయారు. ఒకరు రావడం ఒకరు చూడలేదని అందరూ నమ్మారు. రెండో మనిషి వచ్చేసరికే మదార్ సాహెబుకు ఆ జాబు నోటికి వచ్చేసింది. ఒక్క మాట మార్చే శ్రమ కూడా పడలేదు.

మర్నాడు పెద్దలంతా జాబులు పట్టుకుని బడికే వచ్చారు. ఒక్కొక్క జాబుకు నూలుపోగు చుట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి ఉంది.

"ఇట్ల కట్టేస్తే పిల్లలు చదివేదెట్ల రాహేలమ్మా?" అన్నాడు దాసన్న.

"ఇన్‌స్పెక్టరు దొర ముందర విప్పండి అయ్యవారూ. నలుగురిలో విప్పితే మాకేం భయం లేదు."

"ఒంటిగా నేను విప్పితే భయమా?"

"అట్ల మేమంటిమా? మీరే అంటాండారు," అన్నాడు సుంకప్ప.

అంతవరకు దాసన్నకు ఊరిమీద ఏ అనుమానమూ లేదు. ఇప్పుడు కలిగింది. లక్క వేసి దాచవలసినంత సంగతి ఈ జాబుల్లో ఏముంటుంది? ఒకటి తీసి వాసన చూశాడు. టీ వాసన వచ్చింది. రెండోది కూడా అదే. అయినా వాళ్ల మాట కాదనలేక వాటిని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆ రోజు నుంచి ఏదో ఒక ఇంటి మనిషి, ఏదో ఒక పని పెట్టుకుని, ఆ పెట్టె కనిపించేటంత దూరంలో కూర్చుంటూనే ఉన్నాడు. పిల్లలు మాత్రం బడిలో చేతిరాత ఒక్క ముక్క చదివింది లేదు.

ఇన్‌స్పెక్టరు గుర్రబ్బండి దిగేసరికి బడి కిటికీల నిండా తలకాయలే. చదువు మీద ఇంత శ్రద్ధ ఉన్న ఊరిని ఆయన చూడలేదు. అంత శ్రద్ధ ఎందుకో అని ఆయన కూడా అనుమానపడ్డాడు. అచ్చు పుస్తకం చదివించాడు, బాగుంది. చెప్పి రాయించాడు, బాగుంది. ఇక చేతిరాత అన్నాడు. లక్క పగలగొట్టి దాసన్న మొదటి జాబు నాగన్న చేతికిచ్చాడు.

"మహా... రాజశ్రీ బావ... గారికి. ఇక్కడ మే... మంతా క్షేమం..." అని నాగన్న చెమట కక్కుతూ ముగించాడు.

రెండోవాడు లేచి, "మహారాజశ్రీ బావగారికి. ఇక్కడ మేమంతా క్షేమం," అన్నాడు. వానలు లేవు. ఎనుము ఈనింది.

మూడోవాడు కొంచెం వేగంగా చదివాడు. నాలుగోవాడు కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని ఒక్క తప్పు లేకుండా చదివాడు. అయిదో జాబు జీవమ్మ విప్పకముందే ఇన్‌స్పెక్టరు బల్ల మీద చేత్తో కొట్టాడు.

"ఏమయ్యా దాసన్నా! ఊళ్లో అందరి ఎనుములూ ఒక్కసారే ఈనాయా? ఒకే జాబు రాయించి ఆరుగురికీ బట్టీ పట్టించావు. నన్ను ఏమనుకున్నావు?"

దాసన్న కిటికీల వైపు తిరిగాడు. జాబులు తెచ్చినవాళ్లను చూశాడు. రాహేలమ్మ సుంకప్పను చూస్తోంది. సుంకప్ప ఈరన్నను చూస్తున్నాడు. తమ జాబు ఇంకొకరి ఇంటికి ఎలా పోయిందో ఎవరికీ అంతుపట్టలేదు. నిజం చెప్పాలంటే తామే బయటపడాలి.

"ఈ బడి సంగతి మీద నాకు ముందే అర్జీ వచ్చింది," అని ఇన్‌స్పెక్టరు సంచిలోనుంచి ఒక కాగితం తీశాడు. "ఇది ఈ పిల్లలెవరూ చూసింది కాదు. ఇది చదివితే ఏడో తరగతి ఉంటుంది. చదవకపోతే లేదు." తన వంతు ఇంకా రాని ఈరక్క చేతికి ఆ కాగితాన్ని ఇచ్చాడు. దాన్ని ఆయన కూడా చదవలేదు. ఆయన మద్రాసులో ఇంగ్లీషు చదివిన మనిషి. పై చిరునామా, ఊరి పేరు తప్ప ఆ గొలుసుకట్టులో ఒక్క మెలిక విప్పుకోలేకపోయాడు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఈరక్క కాగితాన్ని వెలుతురుకు తిప్పి చదవసాగింది.

"మహారాజరాజశ్రీ స్కూళ్ల ఇన్‌స్పెక్టరు దొరవారి సన్నిధికి. ఎర్రమిట్టలో ఉండే, పేరు చెప్పని ఒక రైతు దండాలు పెట్టి చేసుకునే మనవి. మా బడి అయ్యవారు ఇంటింటి జాబులు తెమ్మంటున్నాడు. ఊరి గుట్టు తెలుసుకోవడానికే ఇది. దీన్ని విచారించవలెను. అయితే ఏడో తరగతి ఎత్తివేయకూడదు. అందులో మా మనవరాలు చదువుతున్నది. అది శానా తెలివి గలది. అయ్యవారు పాఠం బాగానే చెబుతాడు. మనిషి మీద మాత్రం నాకు అనుమానం."

తరగతిలో రెండో ఆడపిల్ల జీవమ్మకు తాత లేడు. కిటికీల్లోని తలకాయలన్నీ ఒక్కసారి పెద్ద ఈరన్న వైపు తిరిగాయి. ఆయన బడి దూలాలను లెక్కపెడుతున్నాడు.

"ఇంతే సార్," అని ఈరక్క కాగితం మడవబోయింది.

"ఆగు. కింద సన్నగా ఇంకా రాత ఉంది. అది చదవలేకపోయావన్నమాట." ఇన్‌స్పెక్టరు పుస్తకం తెరిచి కలం సిరాలో ముంచాడు. ఈరక్క తల వంచుకుని నిలుచుంది. సన్నరాత మీద బొటనవేలు పెట్టింది. కలం కాగితం మీదికి వంగడం దాసన్న చూశాడు. కిటికీలోనుంచి ఈరన్న కూడా చూశాడు.

"నిలుపు సామీ!" అని అరిచి ఈరన్న తలపాగా చేత పట్టుకుని లోపలికి వచ్చాడు. "దానికి రాక కాదు. ఆ సన్నరాత నా పేరు. నన్ను దాయల్లని మింగుతాండాది. చదువు మే! ఉండేది ఉండట్ల చదువు!"

ఈరక్క తాతను ఒకసారి చూసి చదివింది. "ఇది పేరు బయట పెట్టుకొన ఇష్టము లేని పెద్ద ఈరన్న ఎడమచేతి బొటనవేలి ముద్ర."

సుంకప్ప పగలబడి నవ్వాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు.

"అందులో ఉన్నదే చదివిందని ఏమి నమ్మకం? తాతా మనవరాలూ కలిసి అల్లి ఉండవచ్చు."

"తమరు ఒకసారి కాగితం చూస్తే..." అన్నాడు దాసన్న మెల్లగా.

ఇన్‌స్పెక్టరు కాగితం తీసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, "ఊఁ," అన్నాడు.

"నేను చెప్తా సామీ," అన్నాడు ఈరన్న. "చెప్పి రాయించినోన్ని నేను. ఒక్క మాట పోలేదు, ఒక్క మాట చేరలేదు. కాయితం ఇట్ల చదివినోళ్లను నా ఈడుకు నేను చూడలేదు."

అది విని అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది హంపమ్మ. "అయితే ఇంగ దాని చేత మూడు తూర్లు చదివించేది మానుతావా?" అని కిటికీ బయటనుంచే అడిగింది.

"మానుతా. ఒక తూరి చాలు," అన్నాడు ఈరన్న.

ఆయన బయటపడ్డాక తక్కినవాళ్లకు ధైర్యం వచ్చింది. మదార్ సాహెబు పేరు మొదట సుంకప్ప చెప్పాడు. "నువ్వూనా?" "నువ్వూనా?" అని ఒకరినొకరు అడిగేసరికి ఎనుముల సంగతి తేలిపోయింది. అర్జీ మీద విచారణ చేయాలంటే ముందు దాన్ని తను చదవగలగాలని ఇన్‌స్పెక్టరుకు తోచింది. ఏడో తరగతి నిలుపవచ్చునని రాసి, సంతకం పెట్టి, ఎండ ముదరకముందే బండెక్కాడు.

మరుసటి ఏడాది దాసన్న మీద ఆ ఊరి నుంచి మూడు ఆకాశరామన్న అర్జీలు వెళ్లాయి; పెద్దలు చెప్పగా మూడూ రాసింది ఏడో తరగతి పిల్లలే కాబట్టి, వాటిలో తప్పులు దిద్దింది దాసన్నే.