కుదిరిపోయిన పిల్లల పట్టిక

టైఫూన్ స్టార్ ధీమంత్ రాజ్ గారు పిల్లల ఆటిజానికి మూలకారణం కనిపెట్టినట్టు ప్రకటించిన రోజున కోలార్ బంగారు గనుల ఊరు ఆండర్సన్‌పేటలో కొళాయిలు రాలేదు. అందుచేత ఆ చారిత్రక ప్రకటనను జనం బిందెల వరసలో నిలబడి, ఫోన్లలో తీరిగ్గా చూడగలిగారు.

ఒకే ఇంట్లో రెండు మూడు భాషలు మాట్లాడటంతో పిల్లల మెదడులో ట్రాఫిక్ జామ్ అవుతుందని స్టార్‌గారు సెలవిచ్చారు. తల్లిదండ్రులు నలభై ఎనిమిది రోజుల పాటు ఒకే భాష మాట్లాడితే చాలట, మాటరాని పిల్లలు గలగలా మాట్లాడతారట. ఈ సత్యం తనకు జిమ్‌లో బరువులెత్తుతుండగా తట్టిందని, డాక్టర్లు బరువులెత్తరు కాబట్టి వాళ్ళకు తట్టలేదని కూడా చెప్పారు.

ఆండర్సన్‌పేటలో ఒక వాక్యం తెలుగులో బయల్దేరి, తమిళంలో మలుపు తిరిగి, కన్నడంలో ఊపిరి పీల్చుకుని, ఇంగ్లీషులో ఆగుతుంది. స్టార్‌గారి లెక్కన ఊరంతా ఎప్పుడో మూగబోయి ఉండాలి. గనులు మూతపడ్డాయి, జీతాలు మూతపడ్డాయి, మూతపడనివి ఈ ఊళ్ళో నోళ్ళే. అయినా స్టార్‌గారి మాటను ఎవరూ కాదనలేదు. ఆయన వచ్చే ఎన్నికల్లో ఒక పెద్ద పార్టీకి ప్రచార సారథి.

ఆ పార్టీకి ఆండర్సన్‌పేటలో ఉన్న ఏకైక మేధావి రూబెన్. ఈ మాట రూబెనే చెప్పుకునేవాడు, ఇంకెవరూ ఖండించలేదు. అతని ఎనిమిదేళ్ళ కూతురు సెలీన్‌కు ఆటిజం ఉంది. మాటలు లేవు. వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, తల్లి క్యాథరిన్ ఆమెను కోలార్‌లోని థెరపీ సెంటర్‌కు బస్సులో తీసుకుపోయేది. ఏడాదిన్నర ఎదురుచూశాక దొరికిన సీటు అది. ఆ సెంటర్‌కు పోవడం మొదలయ్యాకే సెలీన్ దాహమేస్తే గ్లాసు చూపించడం, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటడం నేర్చుకుంది. ఇంట్లో అందరికీ ఆ సీటు ప్రాణంతో సమానం.

తప్పు తల్లిదండ్రులదేనని స్టార్‌గారు అనగానే క్యాథరిన్ ఫోను బోర్లా పెట్టేసింది. "నాలుగు బాసలు మాట్లాడే ఇండ్లల్లోనే కదప్పా మనమంతా పెరిగింది? మనకెందుకు రాలేదో ఆయన్ని అడుగు," అంది.

రూబెన్‌కు మాత్రం, చెప్పుకోవడానికి సిగ్గే గానీ, సంతోషం కలిగింది. ఎనిమిదేళ్ళుగా అతని చేతిలో ఏమీ లేదు. డాక్టర్లు తప్పెవరిదీ కాదన్నారు. పాస్టరు దేవుడి చిత్తమన్నాడు. తప్పు తనదని గట్టిగా చెప్పిన మొదటి మనిషి ధీమంత్ రాజ్. తప్పు తనదైతే మరమ్మతు కూడా తన చేతిలోనే ఉంటుందని రూబెన్ లెక్క. ఆ లెక్కలో పడి అతను వారం రోజులు నిజంగానే ఈలవేస్తూ తిరిగాడు.

పార్టీ తాలూకా అధ్యక్షుడు నంజుండప్పకు బజారులో బియ్యం మండీ ఉంది. ఆయన రూబెన్‌ను మూటల మధ్య కూర్చోబెట్టి, "ఒక ఇల్లు – ఒక భాష" ఉద్యమానికి కన్వీనర్‌గా నియమించాడు. ఛాతీకి గుచ్చుకునే రిబ్బన్ బ్యాడ్జి ఇచ్చాడు. తాలూకాలో ఇలాంటి పిల్లలు పదకొండు మంది ఉన్నారని, స్టార్‌గారు నలభై తొమ్మిదో రోజున స్వయంగా వచ్చి ఫలితాలు ప్రకటిస్తారని చెప్పాడు. రూబెన్ అప్పటికప్పుడు విజిటింగ్ కార్డులు అచ్చు వేయించాడు. వాటి మీద మాత్రం నాలుగు భాషలున్నాయి.

ఉద్యమం అతని ఇంట్లోనే మొదలైంది. ఏ భాష అన్న ప్రశ్న వచ్చింది. మాతృభాష అని స్టార్‌గారు అన్నారు. క్యాథరిన్‌ది తమిళం, రూబెన్‌ది తెలుగు. కన్వీనర్ పురుషుడు కావడంతో తెలుగు గెలిచింది. క్యాథరిన్‌కు తిట్లన్నీ తమిళంలోనే వచ్చు కనుక ఆమె తిట్టడం మానేసింది. దీన్ని రూబెన్ ఉద్యమం సాధించిన తొలి విజయంగా నమోదు చేశాడు. ఆమె గిన్నెలు విసరడాన్ని నమోదు చేయలేదు, గిన్నెల చప్పుడు ఏ భాషా కాదు. తమిళంలో ప్రార్థన చేసుకోవచ్చా అని ఆమె అడిగితే అతను అధిష్ఠానానికి రాశాడు. పెదాలు కదపకుండా చేసుకోవచ్చని జవాబొచ్చింది.

అసలు చిక్కు రూబెన్ తండ్రి అమోసుతో వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ అమోసు గనిలో టైమాఫీసు గుమాస్తాగా రిటైరైనవాడు. షిఫ్టు, మనుషుల్ని గనిలోకి దించే కేజి, లాంపు, టోకెను లేకుండా ఆయనకు మాట సాగదు. గనిలోకి దిగే ప్రతి మనిషీ నంబరున్న ఇత్తడి టోకెను ఇచ్చి పోవాలి, గుమాస్తా దాన్ని బోర్డు మేకుకు తగిలించాలి, మనిషి పైకొచ్చాక తిరిగి ఇవ్వాలి. బోర్డు మీద టోకెను ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. గని పోయినా అమోసు ఆ పద్ధతి వదల్లేదు. ఇంటి వాకిట్లో మేకుల బోర్డు పెట్టాడు. గడప దాటేవాళ్ళు టోకెను ఇచ్చి పోవాలి, తిరిగొచ్చి తీసుకోవాలి. ఆ బోర్డుకు గుమాస్తా సెలీన్. సెంటర్‌కు పోయేటప్పుడు తన టోకెను తనే తగిలించుకుని, రాగానే తనే తీసి మెళ్ళో వేసుకునేది. అందరి టోకెన్లూ దిగితే గాని రాగిముద్ద ముట్టేది కాదు. ఆ పిల్ల ఈ లోకంతో పెట్టుకున్న ఒప్పందం అదొక్కటే. ఎవరు పోయారో, ఎవరు తిరిగొచ్చారో ముసలాయన రోజూ నోట్‌బుక్కులో రాసేవాడు.

"టోకెన్ను తెలుగులో ఏమనల్ల?" అని అమోసు అడిగాడు. రూబెన్ రెండు రోజులు ఆలోచించి కమిటీ వేస్తానన్నాడు. అప్పటి నుంచి ముసలాయన మాట్లాడటం మానేశాడు.

పదిహేనో రోజుకు ఇంట్లో శబ్దం పూర్తిగా పోయింది. ఉప్పు కావాలంటే వేలు చూపించడం, వద్దంటే తల ఊపడం, కోపం వస్తే గోడకేసి తిరిగి కూర్చోవడం. పక్కింటివాళ్ళు ఎవరైనా పోయారా అని వచ్చి చూసిపోయారు. సెలీన్‌కు మాత్రం ఆ ఇల్లు మొదటిసారి హాయిగా అనిపించినట్టుంది, అందరి మధ్యా వచ్చి కూర్చుంది. పార్టీ నుంచి పరిశీలనకొచ్చిన కుర్రాయన ఈ దృశ్యం చూసి, తల్లిదండ్రులకూ బిడ్డకూ మధ్య తేడా దాదాపు తొలగిపోయిందని రిపోర్టు రాశాడు.

తాలూకాలోని ఆంధ్ర సరిహద్దు పల్లె నుంచి అర్పిత అనే తల్లి ఫోను చేసింది. ఆమె కొడుకు కూడా ఆ పదకొండు మందిలో ఒకడు. "అన్నా, మా ఇంట్లో తెలుగు తప్ప ఇంగేం రాదు. మా వూర్లో ఎవురికీ రాదు. మావాడికెందుకొచ్చిందో సారునడిగి చెప్పు," అంది. రూబెన్ అధిష్ఠానాన్ని అడిగాడు. ఇంట్లో టీవీ ఉందేమో చూడమన్నారు. లేదని ఆమె చెప్పింది. పక్కింట్లో ఉందేమో చూడమన్నారు.

నలభై ఐదో రోజున నంజుండప్ప పట్టిక పంపాడు. పదకొండు పేర్లు, రెండు గడులు. ఒకటి "కుదిరింది", రెండోది "ఇంకా కుదరలేదు". రూబెన్ ఆ పదకొండు ఇళ్ళూ తిరిగొచ్చాడు. ఒక్క పిల్లా ఒక్క మాటా మాట్లాడలేదు. సంగతి నంజుండప్పకు చెప్పాడు.

నంజుండప్ప బియ్యం గింజ నోట్లో వేసుకుని, "రెండో గడి ఎందుకుండాదో తెలుసాప్పా? అచ్చుపని చేసినోడి తెలివితక్కువ," అన్నాడు. స్టార్ వచ్చేలోగా ఆ గడి ఖాళీగా ఉండాలని, కన్వీనర్ సొంత బిడ్డే కుదరకపోతే ఉద్యమం పరువేం కావాలని, వచ్చే ఎన్నికల్లో వార్డు టికెట్ ఎవరికివ్వాలో తానింకా ఆలోచించలేదని కూడా మెల్లగా వివరించాడు.

రూబెన్ ఇంట్లో చాప మీద కూర్చుని పట్టిక నింపుతుంటే అమోసు ముప్పై రోజుల మౌనం విడిచాడు. రూబెన్ వందసార్లు విన్న కథే చెప్పాడు. ఒక రోజు రెండో షిఫ్టు అయిపోయాక బోర్డు మీద దొడ్డమునియప్ప టోకెను ఒక్కటే మిగిలింది. పెద్ద దొరలు తనిఖీకి వస్తున్నారు, బోర్డు ఖాళీగా కనబడాలి. అమోసు ఆ టోకెను తీసి జేబులో వేసుకుని, పైకొచ్చినట్టు రాశాడు. దొడ్డమునియప్ప లోపల, పైకప్పుకు ఊతంగా నిలిపిన మాను విరిగి, దాని కింద కాలు ఇరుక్కుని పడి ఉన్నాడు. మర్నాడు సాయంత్రం దాకా ఎవరూ వెతకడానికి దిగలేదు. మనిషి బతికాడు, కాలు పోయింది.

"పైకొచ్చినట్టు రాసినాక ఇంగ ఎవుడు ఎతకతాడురా?" అన్నాడు అమోసు.

తండ్రి వయసు మీదపడి చెప్పిన కథే మళ్ళీ చెబుతున్నాడని రూబెన్ జాలిపడ్డాడు. పదకొండు పేర్లకూ మొదటి గడిలో టిక్కు పెట్టాడు. సెలీన్ పేరు దగ్గర పెన్ను కాస్త ఆగింది. సిరా అయిపోయిందేమోనని విదిలించి, అక్కడా పెట్టేసి, అడుగున సంతకం చేశాడు.

నలభై తొమ్మిదో రోజున స్టార్‌గారు మూడు గంటలు ఆలస్యంగా వచ్చి, ఒక ఇంటికి ఒకే భాష ఎందుకు ఉండాలో కన్నడం, తమిళం, తెలుగు, ఇంగ్లీషు కలిపి ఉద్వేగంగా వివరించారు. వేదిక మీదికి సెలీన్‌ను పిలిచారు. ఆమె ఆయన మొహం చూడలేదు, ఛాతీ మీది బ్యాడ్జి చూసింది. నెమ్మదిగా దాన్ని ఊడదీసి, మేకు కోసం అటూ ఇటూ వెతికి, కనబడక తండ్రి చేతిలో పెట్టింది. ముందు వరసలో కూర్చున్న ముసలి గని కార్మికులు చప్పట్లు కొట్టారు. వాళ్ళ లెక్కలో స్టార్‌గారు లోపలికి దిగినట్టు. స్టార్‌గారు మైకు అందుకుని, బిడ్డ కృతజ్ఞత తెలిపిందని, కోలార్ జిల్లాలో తొలి ఆటిజం రహిత తాలూకా ఇదేనని ప్రకటించారు. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. అందులో రూబెన్ ఎడమ చెవి స్పష్టంగా కనబడింది. ఆ పేపరు అతను ఆరు ప్రతులు కొన్నాడు.

ఆ మంగళవారం సెంటర్‌కు పోయిన క్యాథరిన్ గంటలోనే బిడ్డతో తిరుగు బస్సెక్కింది. పాప కుదిరిపోయిందని పేపర్లో వచ్చింది గనుక సీటు వేరేవాళ్ళకు ఇచ్చేశారట. పార్టీ పంపిన పట్టిక కూడా ఫైల్లో ఉందట. పట్టిక అడుగున సంతకం ఎవరిదో ఆమె చెప్పలేదు. నలభై ఎనిమిది రోజులు దాచుకున్న తమిళం కూడా వాడలేదు. టైలరింగ్ మిషను ముందు కూర్చుని, గుడ్డ లేకుండానే తొక్కుతూ ఉండిపోయింది. రూబెన్‌కు ఆమె తిడితే బాగుండుననిపించింది.

నంజుండప్ప దగ్గరికి పోతే, ఎన్నికలయ్యేదాకా పాప కుదిరే ఉండాలని ఆయన ఓపిగ్గా చెప్పాడు.

శుక్రవారం పొద్దున సెలీన్ ఎప్పటిలాగే తన టోకెను మేకుకు తగిలించి, చెప్పులేసుకుని, సంచీ భుజాన వేసుకుని వాకిట్లో నిలబడింది. ఇంట్లోకి రమ్మని తల్లి పిలిచినా కదల్లేదు. రూబెన్ కాసేపు చూశాడు. టోకెను తీసి మెళ్ళో వేసేస్తే అయిపోతుందనుకుని బోర్డు మీదికి చెయ్యి చాపాడు. అమోసు చూస్తున్నాడు. రూబెన్ ఆ చేత్తో తన టోకెను జేబులోంచి తీసి కూతురికిచ్చాడు. ఆమె దాన్ని తన టోకెను పక్కన తగిలించింది. ఇద్దరూ కోలార్ బస్సెక్కారు.

సెంటర్ గుమాస్తా మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. రూబెన్ విజిటింగ్ కార్డు తీయబోయి మానేశాడు. తన బిడ్డ కుదరలేదని, పదకొండు మందిలో ఎవరూ కుదరలేదని, ఆ రాసింది తనేనని చెప్పాడు. కాగితం అడిగి అదే రాసి సంతకం పెట్టాడు.

గుమాస్తా రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. "ఇది చెల్లదప్పా. పిల్లకాయలకు కుదర్లేదని రాసేకి నువ్వేమన్నా డాక్టరా?"

"కుదిరిందని రాసినప్పుడు డాక్టరునా సార్?"

"అప్పుడెవురూ అడగలేదు కదప్పా," అన్నాడు గుమాస్తా. అయినా కాగితం ఫైల్లో పెట్టాడు. వరసలో పేరు కొత్తగా రాసుకున్నాడు. ఏడాదిన్నర పడుతుందన్నాడు. మిగిలిన పది మంది తల్లుల్నీ పంపమన్నాడు. సెలీన్ అంతసేపూ థెరపీ గది తలుపు ముందు నిలబడే ఉంది. ఆ తలుపు తెరుచుకోలేదు.

తిరుగు బస్సులో రూబెన్ అర్పితకు ఫోను చేసి తను చేసింది చెప్పాడు. ఆమె తిట్టింది, తెలుగు ఒక్కటే వచ్చినా తిట్లకు లోటేమీ తెలియలేదు. అతను మొత్తం విన్నాడు. ఇంకా తొమ్మిది ఫోన్లు మిగిలాయి.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. సెలీన్ బోర్డు దగ్గరికి పోయి తండ్రి టోకెను తీసి అతని చేతికిచ్చింది. తనది తీయలేదు. మేకుకే వదిలేసి, రాగిముద్ద ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండా బోర్డు కేసి చూస్తూ ఉంది. ఫోనులో నంజుండప్ప పేరు రెండుసార్లు వెలిగి ఆరిపోయింది. స్టార్‌గారు ఆ మధ్యాహ్నమే చక్కెర వ్యాధికి కూడా కారణం కనిపెట్టారు, కన్వీనర్లు కావాలి.

అమోసు నోట్‌బుక్కు తెరిచి, కళ్ళద్దాలు సర్దుకుని, కొడుకు వైపు చూశాడు.

"పాపది ఏం రాయల్ల?"

"లోపలే ఉండాదని రాయి నాయనా."

అమోసు అలాగే రాశాడు.