పచ్చగా వచ్చేదాకా

వల్లూరు పక్కనున్న ఒక సోలార్ కంపెనీ కంట్రోల్ రూములో ఏ తప్పూ జరగడం లేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఇది ఎవరో నోటిమాటగా చెప్పింది కాదు. ప్రతి ఉదయం కంప్యూటరే సర్వర్ల సెట్టింగులన్నీ తనంతట తాను పరీక్షించి గోడమీది తెరపై పచ్చరంగు చూపిస్తుంది. ఆ గోడ ఎర్రరంగు మొహం చూసి చాలాకాలమైంది.

ఈ ఘనత రాయచెర్లు ప్రశాంత్‌కుమార్‌ది. గొర్రెలు కాసిన ఇంట్లోంచి వచ్చి ఏసీ కింద కూర్చున్న మొదటివాడు అతనే. ఉద్యోగం మాత్రం ఇంకా కాంట్రాక్టే. పచ్చరంగు ఇలాగే నిలిస్తే పర్మనెంటు చేయిస్తానని మేనేజరు మధుకుమార్ మాటిచ్చి ఉన్నాడు.

మొదట్లో పరీక్ష తరచూ ఎర్రగానే వచ్చేది. సూర్యుడి వెంట ప్యానెళ్లను తిప్పే సర్వర్లు రెండు. కూలీలు కడుగుతున్న వరుసను తిప్పకూడదన్న సెట్టింగు ఒకదానిలో ఉంది, రెండోదానిలో లేదు. పరీక్షకు ఏది ముందు పలికితే దాని జవాబే జవాబు. లోపం సరిచేయాలంటే రెండింటినీ కాసేపు ఆపాలి. ఆపితే పైవాళ్లు ఎందుకని అడుగుతారు. అడిగితే పర్మనెంటు మాట అటకెక్కుతుంది.

అప్పుడు ఇంటివిద్య అక్కరకొచ్చింది. ప్రశాంత్ తండ్రి ఆంజనప్ప అమ్మవారి పూజారి. ఊళ్లో పెళ్లయినా బోరయినా అమ్మవారికి తడిపువ్వులు అంటించి అడగవలసిందే. కుడివైపు పువ్వు రాలితే సరేనన్నట్టు. ఎడమవైపుది రాలితే కాదన్నట్టు కాదు, మనం సరిగా అడగలేదన్నట్టు. నీళ్లు చల్లి మళ్లీ అడుగుతారు. ప్యానెళ్లకు భూములివ్వాలా అని అడిగిన రోజు అమ్మవారు ఎడమవైపే పట్టుబట్టింది. ఊరు అంతకంటే గట్టిగా పట్టుబట్టి, మధ్యాహ్నం భోజనాలలోగా కుడిపువ్వు రాల్పించింది. ప్రశాంత్ కంప్యూటరుకు అదే నేర్పాడు. ఎర్రగా వస్తే మళ్లీ అడుగు, పచ్చగా వచ్చేదాకా అడుగు.

మధుకుమార్ మురిసిపోయి మీటింగు పెట్టాడు. “లోపాలు లేని వ్యవస్థ ప్రపంచంలో ఎక్కడా లేదు. లోపాలు కనిపించని వ్యవస్థ మన దగ్గర ఉంది. యువత దీన్ని ఆదర్శంగా తీసుకోవాలి” అన్నాడు. చప్పట్లు మోగాయి. ఇడ్లీలు కూడా పెట్టారు.

ప్రశాంత్ మేనత్త తిప్పమ్మ అదే కంపెనీ సోలార్ పార్కులో ప్యానెళ్లు కడుగుతుంది. తల్లి లేని ప్రశాంత్‌కు సంగటిముద్దలు పెట్టి పెంచింది ఆవిడే. ఒక ఉదయం ఆవిడ వంగి తుడుస్తుండగా వరుసంతా తిరగడం మొదలుపెట్టింది. చెయ్యి ప్యానెల్‌కూ ఇనుపకమ్మీకీ నడుమ ఇరుక్కుని మణికట్టు విరిగింది.

కంపెనీ తక్షణమే స్పందించి తెర చూసింది. తెర పచ్చగా ఉంది. కాబట్టి ప్యానెల్ తిరగలేదని తేలిపోయింది. తిరగని ప్యానెల్ చెయ్యెలా విరిచిందన్నది మాత్రం తేలలేదు. అందుకని విచారణ పెట్టారు.

“ప్యానెల్ తిరిగిందా అమ్మా?” అని మధుకుమార్ అడిగాడు.

“తిరిగిందప్పా. తిరక్కపోతే నా చెయ్యి ఎట్ల ఇరుగుతాది?”

జవాబు సరిగా రానందున, టీ ఇప్పించి మళ్లీ అడిగారు.

“టీ తాగినాక గూడా తిరిగినట్టే ఉండాదప్పా.”

ఇంటిమనిషి అడిగితే మేలని ప్రశాంత్‌ను పిలిపించారు. అతను అత్త చేతికట్టు చూశాడు. ఆ చెయ్యి విరిచింది తానేనని ఆ గదిలో అతనికొక్కడికే తెలుసు. చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. మధుకుమార్ చెవి దగ్గరికి వంగి, “పర్మనెంటు ఆర్డరు రేపొస్తుంది” అన్నాడు.

“అత్తా, ప్యానెల్ తిరిగిందా?” అని ప్రశాంత్ నేల చూస్తూ అడిగాడు.

తిప్పమ్మ అతని మొహంకేసి చూసింది. బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అన్న రోజుల్లో కూడా అలాగే చూసేది, అలాగే నమ్మేది.

“తిరగల్యాదులేప్పా. నేనే యాడో చూస్తా చెయ్యి పెట్టినా. రాసుకోండి.”

మర్నాడు ప్రశాంత్ పర్మనెంటయ్యాడు. ఆ రోజంతా అతనికి ముద్ద దిగలేదు. తరువాత దిగింది. కంపెనీ దయతలచి అత్త బదులు ఆవిడ కూతురు భూమికకు పని ఇచ్చింది. అదే వరుస. సర్వర్లు రెండూ ఎప్పటిలాగే ఉన్నాయి. తెర కూడా పచ్చగానే ఉంది.

ఈ పద్ధతి ఇప్పుడు గ్రామసభకూ పాకింది. “అందరికీ అన్నీ అందుతున్నాయా?” అని చేతులన్నీ లేచేదాకా అడుగుతున్నారు. పాఠకులైన మీతో మాత్రం ఇంత శ్రమ లేదు. “అంతా బాగేనా?” అని ఎవరడిగినా మొదటిసారికే “బాగే” అనేస్తున్నారు. ఆ పచ్చదనం మా సర్వర్లకు కూడా అబ్బలేదు.