భయానికి ఎన్ని మార్కులు?

పొద్దున్నే సత్తెనపల్లి చేరి, హైస్కూలు పిల్లల నాటకం చూసి, మార్కులు వేసి, భోజనాల వేళకు గుంటూరు వెళ్లిపోవాలి. జ్ఞానప్రసూనాంబ వేసుకున్న పథకం అంతే. రిటైరైన తెలుగు లెక్చరరు. జిల్లా నాటక పోటీలకు న్యాయనిర్ణేత. ఆమెది ఒకటే నియమం: తనకు కలిగిన దానికే మార్కు. నవ్వు రాకపోతే హాస్యానికి సున్నా. ఇవాళ్టిది దెయ్యం కథ. ఇంతవరకూ ఏ దెయ్యమూ ఆమె దగ్గర ఒక్క మార్కూ రాబట్టలేదు.

ఆ సంగతి డ్రామా మాస్టారు ప్రేమ్‌చంద్‌కు తెలుసు. నాటకం జిల్లా పోటీకి ఎంపిక కాకపోతే డ్రామా పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేస్తానని హెడ్మాస్టరు త్యాగరాజు తేల్చి చెప్పాడు. పీరియడ్ పోతే ప్రేమ్‌చంద్ ఉద్యోగమూ పోయినట్టే.

కథ పాతదే. పెళ్లినాడే చనిపోయిన పెళ్లికూతురు పాడె మీంచి లేస్తుంది. లేచేముందు పొగమంచు కమ్మాలి. ప్రేమ్‌చంద్ తెర చాటున నిప్పుల కుండ పెట్టి సాంబ్రాణి వేశాడు. పొగ స్టేజీ మీదుగా హాల్లోకి పాకేలా కుండ వెనక పెడెస్టల్ ఫ్యాను పెట్టాడు.

పెళ్లికూతురు వేషం తొమ్మిదో తరగతి ఆశ్రితది. తెల్లచీరలో, జుట్టు విరబోసుకుని పాడె మీద పడుకున్న మనవరాలిని చూసి నాయనమ్మ సుబ్బరావమ్మ తెర వెనక్కి వచ్చేసింది. ఇది నటనేనని ప్రేమ్‌చంద్ నచ్చజెప్పబోయాడు.

"నటనైతే మాత్రం? ఇంతమంది కళ్లముందు పిల్ల పాడెక్కుద్దా? నువ్వు అవతలికి పో నాయనా."

తెర లేచేలోపు ఆమె ఉప్పూ ఎండుమిరపకాయలూ పిల్ల చుట్టూ తిప్పింది. సొంత చేలో పండిన తేజ రకం, మహా ఘాటు కాయలు. నాటకం మొదలయ్యాక, ఫ్యాను పక్కన నిలబడి పిడికిలి నిప్పుల్లో విదిల్చింది. ముక్కు మండించే కోరు రావాలి, దగ్గు రావాలి. అప్పుడే దిష్టి లేనట్టు. ఏమీ రాలేదు. గాలి పొగను ముందుకు ఊడ్చుకుపోతోంది మరి. దిష్టి గట్టిదేననుకుని ఆమె ఇంకో పిడికెడు వేసింది. అప్పటికీ ముక్కుకు ఏమీ సోకలేదు. వెంట తెచ్చిన మిరపకాయల సంచి మొత్తం దులిపేసింది.

హాల్లో మొదటి వరస దగ్గింది. తర్వాత రెండోది. స్టేజీ మీద ఏడవాల్సిన పెళ్లివాళ్లు నిజంగానే ఏడుస్తూ దిగిపోయారు. ప్రేక్షకుల్లో సగం మంది రైతులు. బడి గోడ అవతలే కోల్డ్ స్టోరేజీ. ధర పెరుగుతుందని వాళ్లు దాచుకున్న మిరప బస్తాలు, టిక్కీలన్నీ అందులోనే ఉన్నాయి. వాళ్లలో చెంచయ్య లేచి నిలబడ్డాడు. గోడ వైపు చెయ్యి చూపించాడు.

"ఒరేయ్... స్టోరేజీ అంటుకుందిరా."

కుర్చీలు తిరగబడ్డాయి. ఏడాది పంట తగలబడుతుంటే నాటకం ఎవరిక్కావాలి? జనం గేటు వైపు పరుగెత్తారు. త్యాగరాజు టిక్కీలూ అక్కడే ఉన్నాయి. అతనే అందరికంటే ముందున్నాడు. ప్రేమ్‌చంద్ ఫైరింజనుకు ఫోను చేస్తూ వెనకే పరుగెత్తాడు.

న్యాయనిర్ణేత ఒకరున్నారని ఎవరికీ గుర్తు రాలేదు.

జ్ఞానప్రసూనాంబకు కళ్లు తెరుచుకోవడం లేదు. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. చేతికర్ర ఎక్కడో పడిపోయింది. హాలు నిశ్శబ్దమైపోయింది. అప్పుడు స్టేజీ మీద వెదురు కిర్రుమంది. తడి పాదాల చప్పుడు ఒకటి మెట్లు దిగింది. తన వరసలోకి వచ్చింది. ఆగింది. చల్లటి వేళ్లు ఆమె మణికట్టును పట్టుకున్నాయి.

ఆమె బలవంతంగా కళ్లు తెరిచింది. తెల్లచీర. విరబోసిన జుట్టు. పిండి పూసిన ముఖం.

ఆ కేక కోల్డ్ స్టోరేజీ దాకా వినిపించింది.

అక్కడ నిప్పూ లేదు, పొగా లేదు. జనం తిరిగొచ్చి, ఖాళీ సంచితో నిలబడ్డ సుబ్బరావమ్మను చూశారు. ఫైరింజను వాళ్లు కుండలో నీళ్లు పోసి తిట్టుకుంటూ వెళ్లారు. రేపటి నుంచి ఆ పీరియడ్ లెక్కలకేనని త్యాగరాజు అందరి ముందే చెప్పేశాడు. ప్రేమ్‌చంద్ తల వంచుకుని న్యాయనిర్ణేతకు క్షమాపణ చెప్పబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపి, మార్కుల కాగితం మీద భయం గడిలో పదికి పది వేసింది.

త్యాగరాజు తెల్లబోయాడు. "మేడమ్, ఆ పిల్ల ముఖాన కొంగు కప్పుకుని పాడె మీదే ఉండిపోయిందటండీ. మీ దగ్గు విని, తెర పక్కనున్న మంచినీళ్ల కుండలో ముంచి, కాళ్ల మీద ఒలకబోసుకుంటూ మీకు నీళ్లు తెచ్చిందట. అది నాటకంలో లేదు."

"ఎందుకు లేచిందో నాకనవసరమండీ," అంది జ్ఞానప్రసూనాంబ కళ్లు ఒత్తుకుంటూ. "పాడె మీంచి లేచింది. నేను కేక పెట్టాను. నా నియమం నాది."

నాటకం జిల్లా పోటీకి ఎంపికైంది. పీరియడ్ ప్రేమ్‌చంద్‌కే మిగిలింది. ఇతర విశేషాల కింద ఆమె ఒకే మాట రాసింది: మంచినీళ్లు చల్లగా ఉన్నాయి.