రేపటి వార్తల ఫీడు

ఆ ఉదయం మంజుషకి ఉన్న పని ఒక్కటే, ‘తాండవ తీరం’ వార్తల సైట్‌లో ఒక లైను చేర్చడం. పది సైట్ల వార్తలను ఒకేచోట చూపించే ఫీడ్ రీడర్లకు ఈ సైట్ ఫీడు, అంటే వార్తల జాబితా, ఎక్కడుందో చెప్పే లైను అది. అది లేకపోతే వాటికి ఈ సైట్ ఒకటి ఉందనే తెలియదు. "అది పెట్టమ్మా, నిన్ను పర్మనెంట్ చేసేస్తాను" అని మొన్న సోమవారం యజమాని గోపాలకృష్ణమూర్తి గారు మాటిచ్చారు. తునిలోని ఆ ఆఫీసులో రెండేళ్లుగా టెంపరరీగా పడి ఉన్న మనిషికి అంతకన్నా ఏం కావాలి, పాపం!

అయితే ఆ సైట్‌కి ఫీడ్లు రెండు. ఒకటి జరిగిన వార్తలది, రెండోది జరగబోయేవాటిది. మన విలేకరుల సంగతి తెలిసిందే కదా, సభ రేపైతే ‘ఘనంగా జరిగింది’ అని ఇవాళే రాసి పెట్టుకుంటారు. సరుకంతా రెండోదాంట్లోనే ఉంది.

"ఎందులో ఎక్కువున్నాయో అదే పెట్టు" అన్నారు మూర్తి గారు.

"అవింకా జరగలేదండి."

"రేపు జరుగుతాయి కదమ్మా! చెప్పింది చెయ్యి."

చేసింది. పదకొండింటికల్లా ఫోన్లు మొదలయ్యాయి. మొదటిది వర్తక సంఘం ఎన్నికల్లో నిలబడ్డ కిరాణా కొట్టు సూర్యావతి గారిది. మూర్తి గారు స్పీకర్లో పెట్టారు.

"ఏవండీ, పోలింగు రేపు. నేనివాళే ఓడిపోయానా?"

ఆయన స్పీకర్ ఆపేలోగానే ఆవిడ ప్రత్యర్థి దొరబాబు గారు లోపలికి వచ్చి అరిచారు. "నలభై ఓట్ల మెజారిటీ ఏంటండీ? డెబ్భై అని రాయమన్నాను కదా!"

ఆ మాట స్పీకర్లో సూర్యావతి గారికి శుభ్రంగా వినిపించింది. అరగంటలో ఆవిడ తాలూకు వాళ్లంతా ఆఫీసు గుమ్మంలో ఉన్నారు. పోలింగు వాయిదా పడింది. ఈలోగా పెద్దాపురం స్కూలు వార్షికోత్సవానికి రావలసిన ముఖ్య అతిథి ఫోన్ చేసి, "నా ప్రసంగం అద్భుతంగా సాగిందట కదండీ, ఇంక రావడం ఎందుకు?" అని మానేశాడు.

మూర్తి గారు గుమ్మంలోకి వెళ్లి చెయ్యెత్తి మంజుషను చూపించారు. "అంతా ఈ అమ్మాయి నిర్వాకమండి. ఇప్పుడే ఉద్యోగంలోంచి తీసేశాను."

మంజుష కుర్చీలోంచి లేచింది. "మీరే కదండీ పెట్టమన్నారు!"

"నేను పెట్టమంటే పెట్టేయడమేనా? చదువుకున్నదానివి!"

చేసింది ఆయన, పడింది ఈవిడ. గుమ్మంలో వాళ్లు మాత్రం న్యాయం జరిగిందని ఇళ్లకు పోయారు.

బస్టాండులో కూర్చుని మంజుష తన ఫోన్లో ఫీడ్ రీడర్ తెరిచింది. ఆ ఫీడు ఇంకా అలాగే ఉంది. దాన్ని మార్చడం తెలిసిన మనిషి ఆఫీసులో ఎవరూ మిగల్లేదు మరి. అట్టడుగున ఒక వార్త కనిపించింది: ‘తాండవ తీరం వెబ్ ఇన్‌ఛార్జిగా యజమాని అల్లుడు ఉదయ్‌భాస్కర్ బాధ్యతల స్వీకారం. మంజుషకు శాలువా కప్పి ఘనంగా వీడ్కోలు.’

రాసిన తేదీ చూసింది. పర్మనెంట్ మాట పుట్టడానికి వారం ముందుది.

ఆ రోజు ఆ ఫీడులో నిజమైన వార్త అదొక్కటే, శాలువా మినహా.