పైడినాయుడి చిగుళ్ల బస్టాండు

ఊరి బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పే గొర్లె పైడినాయుడి నోట్లో, కింది దవడ కుడివైపు, పన్నుకీ చిగురుకీ మధ్య ఒక సోమవారం పొద్దున ఇంకో బస్టాండు తెరుచుకుంది. పళ్లు తోముకుంటూ అతనే చూశాడు. ఉమ్మిన నురగలో కాస్త రక్తం కనబడింది, వెనకే సన్నగా హారన్ వినబడింది. అద్దానికి దగ్గరగా జరిగి పెదవి లాగి చూస్తే ప్లాట్‌ఫారాలు, బెంచీలు, మూటాముల్లెలతో జనం. కంటికి ఆనీ ఆననంత చిన్న జనమే, కానీ తోపులాటకేం తక్కువ లేదు.

పైడినాయుడికి భయం వేయలేదు, ముచ్చటేసింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ వేళకు బయలుదేరిన బస్సును అతను చూసి ఎరగడు. తన నోట్లో మాత్రం ఒక్క సర్వీసూ ఆలస్యం కావడం లేదు.

భార్య గౌరీశ్వరి టార్చిలైటు వేసి చూసింది. "ఏటండీ ఈ కంపు? ముందు ఆ పక్క శుబ్బరంగా తోముకోండి."

"తోమితే బళ్లు ఆగిపోవేటే?" అన్నాడు.

నడుస్తున్న సర్వీసును ఆపిన పాపం డిపో మనిషెవడూ మూటగట్టుకోడు. ఆ రోజు నుంచి అతను కుడివైపు తోమడం మానేశాడు. రక్తం కూడా కనబడలేదు కనుక అంతా సవ్యంగానే ఉందనుకున్నాడు.

నోట్లో బస్సుల వేళలు కూడా మైకులో చెప్పొచ్చా అని డిపో మేనేజరును అడిగితే, ముందు మన బస్సులు చెప్పి తర్వాత నీ ఇష్టం అన్నాడాయన. అలా పల్లెవెలుగు బస్సుల వెంబడే మోకాళ్లు పోవు బస్సు, కిడ్నీలు పోవు బస్సు కూడా వినబడసాగాయి. ప్రయాణికులెవరూ తల తిప్పలేదు.

ఈలోగా షుగరు పెరిగితే షుగరు డాక్టరు మాత్రలు పెంచాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే గుండె డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. నోరు తెరవమని మాత్రం ఎవరూ అనలేదు. చివరికి గౌరీశ్వరే అతన్ని రెక్క పట్టుకుని పళ్ల డాక్టరు నీరజ దగ్గరికి లాక్కెళ్లింది.

నీరజ లైటు దగ్గరకు లాగి చూసింది.

"ఎంత ఊరు కట్టేశారో," అంది మెల్లగా. "నొప్పి ఎప్పుడైనా వచ్చిందా?"

"నేదమ్మా."

"అదే మరి. నొప్పి ఉంటే ఇంతదాకా రానిచ్చేవారు కాదు. పళ్లు ఒకరికి, గుండె ఒకరికి, షుగరు ఒకరికి చూపించుకుంటాం కానీ, లోపల రోడ్డు ఒకటేనండీ. ఇవాళే శుభ్రం చేద్దాం. ఇంకా జాగు చేస్తే గుండెకే ముప్పు."

కుర్చీలో వెనక్కి వాలిన పైడినాయుడికి ఒళ్లు గగుర్పొడిచింది. తన ఒంట్లో ఇన్ని ఊళ్లున్నాయనీ, ఒక్క పంటి మొదలు నుంచి అన్నిటికీ దారి ఉందనీ అతనికి ఏ నాడూ తట్టలేదు. చేతులు జోడించి దండం పెట్టుకున్నాడు. తర్వాత లేచి చెప్పులేసుకున్నాడు.

"రేపొస్తానమ్మా. డూటీ ఉంది."

మర్నాడు డ్యూటీలో ఉండగా నోట్లో ఎప్పుడూ లేనంత సందడి మొదలైంది. చేతి అద్దంలో చూసుకున్నాడు. జనం పరుపులు, బియ్యం బస్తాలు, పొయ్యిలు బస్సు మీదికి ఎక్కిస్తున్నారు. కాపురం పెట్టడానికే వెళ్తున్నారని తెలుస్తూనే ఉంది. బస్సు మీద బోర్డు చదివి, అతను మైకు అందుకున్నాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. గుండె పోవు ఎక్స్‌ప్రెస్ బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది."

ఈసారి బస్టాండంతా తలెత్తింది. ఎవరి చెయ్యి వాళ్ల దవడ మీదికి పోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక్కొక్కరి నోట్లోంచీ సన్నగా హారన్ వినబడింది.

"మాదీ టయానికే ఎలిపోద్ది బాబూ," అన్నాడు కిటికీ పక్క బెంచీ మీది పెద్దాయన. స్తంభం మొదట్లో ఎర్రగా ఉమ్మి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, తన ఊరి బస్సెక్కడానికి పరుగెత్తాడు. మిగతావాళ్లూ ఉమ్మి పరుగెత్తారు.

పైడినాయుడి ఛాతీలో ఎక్కడో బ్రేకులు కిర్రుమన్నాయి, తలుపు తెరుచుకుంది, సామాను దిగుతున్న బరువు తెలిసింది. అతను ఒక చెయ్యి అక్కడ అదిమిపెట్టుకుని, రెండో చేత్తో మైకు దగ్గరికి లాక్కుని, తర్వాతి బస్సు చెప్పాడు.