గులాబీ గుడ్డకు పరీక్ష

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ గేటుకు కట్టిన గులాబీ గుడ్డ తెలంగాణ ఉద్యమాభిమానంతో కట్టిందా, కిటికీ అద్దాల మీద అభిమానంతో కట్టిందా అన్నది శాస్త్రీయంగా తేల్చాలని 2011లో కాలనీ ఐక్య కార్యాచరణ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

గుడ్డ కట్టించిన ప్రిన్సిపాల్ సాంబమూర్తిది గుంటూరు వైపు. పరీక్ష చేయాల్సిన కెమిస్ట్రీ లెక్చరర్ భిక్షపతిది పోచంపల్లి. తొమ్మిదేళ్లుగా టెంపరరీ. ఫలితం మంచిగా వస్తే పర్మనెంటు చేస్తానని ప్రిన్సిపాల్, రాకపోతే కాలేజీకి తాళమేనని సంఘం కన్వీనర్ నరేష్‌కుమార్ సెలవిచ్చారు. తాళం పడితే టెంపరరీ ఉద్యోగం పర్మనెంటుగా పోతుందని భిక్షపతికి ఒకరు చెప్పనక్కర్లేదు.

రంగు దిగే నూలును చూస్తూ పెరిగినవాడు కనుక, ఆ గుడ్డ నుంచి నాలుగు పోగులు లాగి స్పిరిట్‌లో నానబెట్టాడు. గులాబీ ద్రావణాన్ని గాజు గొట్టంలో పోసి స్పెక్ట్రోమీటర్‌లో పెట్టాడు. కాంతి తగలగానే అణువులోని ఎలక్ట్రాన్లు తమకు నచ్చిన రంగు పుచ్చుకుని పై మెట్టు ఎక్కుతాయి. ఎక్కినవి అక్కడే కూర్చోవు, క్షణంలో దిగుతాయి. ఈ రెండో నియమం రసాయనశాస్త్రంలో ఉంది గానీ సంఘాల నియమావళిలో లేదు.

గ్రాఫు మీద ఆకుపచ్చ రంగు దగ్గర నిటారుగా ఒక శిఖరం లేచింది.

"ఏంది సార్ గిది? పైన గులాబీ, లోపల పచ్చనా?" అన్నాడు నరేష్‌కుమార్.

"గది గుడ్డ పీల్చుకున్న రంగన్నా. పీల్చుకున్నది పోంగ మిగిలిందే మనకు గులాబీ లెక్క కనవడ్తది. నీ గులాబీ కండువా పెట్టినా గిట్లనే వస్తది."

కండువా పోగులూ పెట్టారు. గిట్లనే వచ్చింది. అదే చోట, అంతే ఎత్తు. నరేష్‌కుమార్ మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"గీ మిషన్ యాడిది?"

"విజయవాడలో కొన్నామండీ," అన్నాడు సాంబమూర్తి. నిజం చెప్పే సమయం ఎంచుకోవడంలో ఆయనకు సాటి లేరు.

"గట్ల చెప్పున్రి మరి. తమ్మీ, ఇంకోసారి జర మంచిగ చెయ్యి."

భిక్షపతి గాజు గొట్టం కడిగాడు. తొమ్మిదేళ్లు గుర్తొచ్చాయి. గొట్టంలో కుళాయి నీళ్లు పోసి పెట్టాడు. ఈసారి గీత, బంద్ నాటి ఎల్‌బీ నగర్ హైవేలా ఖాళీగా, తిన్నగా సాగిపోయింది.

"గిదీ! లోపలొకటి బయటొకటి లేదు," అని కన్వీనర్ కండువా సర్దుకున్నాడు. సాంబమూర్తి శాలువా తెప్పించాడు. గుడ్డకూ కండువాకూ ఉమ్మడిగా ఒకే ధ్రువపత్రం జారీ అయింది. ఆ ఏడాది రెండు ప్రాంతాలూ ఏకాభిప్రాయానికి వచ్చిన సందర్భం మా కాలనీకి తెలిసినంతలో అదొక్కటే.

భిక్షపతి పర్మనెంటు అయ్యాడు. నీళ్ల గీతకు ఫ్రేము కట్టించి, కింద 'ప్రామాణిక గులాబీ' అని రాయించి ల్యాబు గోడకు తగిలించారు.

మార్చిలో ప్రాక్టికల్ పరీక్ష. గులాబీ రంగే ఇచ్చారు. పిల్లలందరూ గోడ చూసి తిన్నటి గీత గీశారు. స్పందన ఒక్కతే ఆకుపచ్చ దగ్గర శిఖరం గీసింది.

"మిషన్ల గిట్లనే వచ్చింది సార్."

"నాకెరుకే బిడ్డా," అని భిక్షపతి ఇరవైకి ఆరు వేశాడు.

తల్లిదండ్రుల సమావేశంలో స్పందన నాన్న లేచి నిలబడ్డాడు. సారును నిలదీస్తాడనే అందరం అనుకున్నాం. ఆయన కూతురి వైపు తిరిగాడు. "గోడ మీద అంత పెద్దగ పెట్టిన్రు కదనే. సూసి గీస్తే అయిపోతుండె."

మనమంతా తలలూపాం.